కళ్ళజోడు పెట్టుకుంటేనే సరిగ్గా వినపడటం ఏంటి? కోతులకీ ఇలాగే ఉంటుందా?

పెరుగన్నం_27:

హాల్లో టీవీ నడుస్తున్నప్పుడు మా అమ్మమ్మని ఏదైనా అడిగితే ముందు పక్కన చేత్తో తడుముకుంటుంది, కళ్ళజోడు కోసం. "ఉండరా, అద్దాలు పెట్టుకోనీ, నువ్వు చెప్పేది వినపడట్లేదు" అంటుంది. దీని మీద ఇంట్లో ఎన్ని జోకులేసుకున్నామో లెక్కలేదు, చెవులకి కూడా పవర్ అద్దాలు చేయిద్దామని మావయ్య ఏడిపించేవాడు.

మొన్న యూట్యూబ్‌లో మెగర్క్ ఎఫెక్ట్ అని ఒక ఇంగ్లీషు వీడియో చూశాను. సౌండ్‌లో ఉన్నది "బ బ బ", తెర మీద మనిషి పెదవులు అంటున్నది "గ గ గ", నాకు వినపడింది మాత్రం శుభ్రంగా "డ డ డ". కళ్ళు మూసుకుంటే బ, తెరిస్తే డ. మోసమని తెలిసి కూడా పదిసార్లు పెట్టుకున్నా, పదిసార్లూ డ. అప్పుడు డౌటొచ్చింది, అమ్మమ్మ ఇన్నేళ్ళుగా చెప్పేది నిజమేనేమో అని.

నా ప్రశ్న ఇది. ఇంటర్ బైపీసీలో చదివినంతవరకు చూపు మెదడు వెనక భాగంలో, వినికిడి పక్కన చెవుల పైభాగంలో. రెండు సెక్షన్లూ ఎవరి పని వాళ్ళు చేసుకుని, చివర్లో ఎక్కడో పెద్దాఫీసర్ టేబుల్ మీద ఫైళ్ళు కలిసినట్టు కలుస్తాయనుకున్నా. అలాగైతే ముందు నాకు "బ" వినపడి తర్వాత కదా మారాలి? నాకు "బ" అన్నదే ఎక్కడా తెలియలేదు. అసలు ఎక్కడ కలుస్తున్నాయి ఇవి? ఇది మాటలు నేర్చుకోవడం వల్ల వచ్చిన అలవాటా, కోతులకీ ఉంటుందా? తెలిసినవాళ్ళు చెప్పండి, కాస్త మామూలు తెలుగులో.

బ్లాక్‌కాఫీ:

నేనూ ఇప్పుడే చూశాను ఆ వీడియో. నాకు బ అనే వినపడుతోంది, కళ్ళు తెరిచినా మూసినా. నాలో ఏమైనా తేడా ఉందా, టెన్షన్ పెట్టారు పొద్దున్నే.

మెదడుపురుగు:

బ్లాక్‌కాఫీ గారూ, ఏం లేదు, కాఫీ తాగండి. 1976లో హ్యారీ మెగర్క్, జాన్ మెక్‌డొనాల్డ్ దీన్ని మొదట ప్రకటించినప్పుడు పెద్దవాళ్ళలో 98 శాతం మంది మోసపోయారని రాశారు కానీ, తర్వాత చాలామంది మీద చేసి చూస్తే మనిషికీ మనిషికీ బోలెడు తేడా కనిపించింది. ప్రతిసారీ మోసపోయేవాళ్ళున్నారు, ఒక్కసారీ మోసపోనివాళ్ళూ ఉన్నారు, వీడియోలో ఉన్న మనిషిని మార్చినా లెక్క మారిపోతుంది.

పెరుగన్నం గారికి అసలు జవాబు. కోతుల మెదడు మీద పనిచేసే ల్యాబ్‌లో కొన్నేళ్ళున్నాను, ఇప్పుడు సాఫ్ట్‌వేర్‌లోకి వచ్చేశాను. మీ పెద్దాఫీసర్ ఊహ మీ ఒక్కరిది కాదు, చాలాకాలం శాస్త్రవేత్తలు కూడా దాదాపు అలాగే అనుకున్నారు. దానికి కారణమూ ఉంది. 1981లో బ్రూస్, డెసిమోన్, గ్రాస్ అనే ముగ్గురు మకాక్ కోతుల మెదడులో సుపీరియర్ టెంపోరల్ సల్కస్ అనే చోట, అంటే చెవి పైభాగాన పొడుగ్గా సాగే ఒక లోతైన మడతలో, చూపుకీ శబ్దానికీ స్పర్శకీ స్పందించే న్యూరాన్లని చూశారు. ఇంకేం, ఆఫీసర్ దొరికాడు అనుకున్నారు. ఆ మడత నిజంగానే ముఖ్యం. 2005లో స్కాట్లాండ్ వాళ్ళు అక్కడ చేసిన పని నాకు భలే ఇష్టం. కోతికి ఎవరో కాగితం చింపుతున్నట్టు చూపిస్తే ఒక న్యూరాన్ స్పందిస్తుంది, ఆ చింపే "పర్ర్" చప్పుడు కూడా జత చేస్తే దాని స్పందన మారుతుంది. పనుల్ని చూసి స్పందించే న్యూరాన్లలో దాదాపు నాలుగో వంతు అలా శబ్దంతో మారినవే. మనుషుల్లో ఎడమవైపు ఇదే మడతని పుర్రె బయట నుంచే అయస్కాంత పల్స్‌తో ఒక్క క్షణం తికమక పెడితే మెగర్క్ మాయ తగ్గిపోతుంది, 2010లో అమెరికాలో చేశారు. అంటే మీ "డ" తయారవడంలో ఆ మడత చెయ్యి గట్టిగానే ఉంది.

కానీ కథ అక్కడితో ఆగలేదు. జర్మనీలో ట్యూబింగన్‌లోని మాక్స్ ప్లాంక్ సంస్థలో ఆసిఫ్ గజన్‌ఫర్, నికోస్ లోగోథెటిస్ బృందం 2005లో నేరుగా రీసస్ కోతుల శ్రవణ కార్టెక్స్‌లోనే, అంటే మనం "వినికిడి సెక్షన్" అనుకునే చోటే, ఎలక్ట్రోడ్లు పెట్టి చూసింది. ఇంకో కోతి "కూ" అనో గుర్రుమనో అరిచే వీడియో. ఒకసారి గొంతు మాత్రమే, ఒకసారి మొహం మాత్రమే, ఒకసారి రెండూ. రెండూ కలిపి పెట్టినప్పుడు అక్కడి స్పందన గొంతు ఒక్కదానికి వచ్చినట్టు లేదు, కొన్నిచోట్ల పెరిగింది, కొన్నిచోట్ల తగ్గింది. ఏదో ఒకటి కదిలితే చాలులే అనుకోవడానికీ లేదు, మొహం బదులు నోటి కదలికని అనుకరించే ఒక గుండ్రటి చుక్క పెడితే ఆ ప్రభావం బాగా తగ్గిపోయింది. అంటే క్లర్కు ఇంకా ఫైలు తెరవకముందే పక్క సెక్షన్ వాడు వచ్చి "అందులో ఇది ఉండొచ్చు చూడు" అని చెవిలో ఊదేస్తున్నాడన్నమాట. మీకు "బ" విడిగా తెలియకపోవడానికి నా దృష్టిలో ఇదే కారణం. "బ" అనే తీర్పు ఎక్కడో వెలువడి తర్వాత కొట్టివేయబడటం లేదు, తీర్పు రాసేటప్పుడే ఇద్దరు సాక్షులూ బోనులో ఉన్నారు.

వైర్లు ఉన్నాయా అంటే ఉన్నాయి. కోతుల శ్రవణ కార్టెక్స్ నుంచి చూపు మొదటి అంచె దాకా, అందులోనూ పక్కచూపుని చూసుకునే భాగానికి, నేరుగా నరాల దారులు ఉన్నట్టు 2002లోనే ఫ్రాన్స్‌లో రంగుపదార్థాలు ఎక్కించి చూపించారు. సన్నటి దారులే, కానీ ఉన్నాయి. వెనక ఎవరో చప్పుడు చేస్తే కంటి కొసన ఏదో కదిలినట్టనిపించడం గుర్తుందా, అక్కడ ఇలాంటి దారి ఉపయోగమే కదా.

మాటల వల్ల వచ్చిందా అన్నారు. 2003లో గజన్‌ఫర్, లోగోథెటిస్ ఇద్దరే ఒక సింపుల్ పని చేశారు. కోతి ముందు రెండు టీవీలు. ఒకదాంట్లో కోతి మూతి సున్నాలా చుట్టి "కూ" అంటోంది, ఇంకోదాంట్లో అదే కోతి నోరు తెరిచి బెదిరిస్తోంది. మధ్యలో ఉన్న స్పీకర్‌లోంచి రెంటిలో ఏదో ఒక గొంతు మాత్రమే వస్తుంది. ఎలాంటి శిక్షణా లేదు, బహుమానంగా పండ్లరసమూ లేదు. ఆ కోతులు గొంతుకి సరిపోయే మొహం వైపే ఎక్కువసేపు చూశాయి. కోతికి "కూ" అంటే మూతి ఎలా ఉండాలో తెలుసు. మాట కంటే ముందే ఉన్న సంగతి ఇది, మాట దాని మీద ఇల్లు కట్టుకుంది.

రేవుబండ:

అంతా బానే ఉంది కానీ నాకొక అభ్యంతరం. మా ఊళ్ళో ఏటికి అవతల రేవులో బట్టలు ఉతుకుతుంటే ఇవతల గట్టు నుంచి చూసేవాళ్ళం. బట్ట బండ మీద పడ్డాక, చెయ్యి మళ్ళీ పైకి లేచాక "ధబ్" అని వినపడేది. కాంతి ముందు, శబ్దం వెనక. మరి రెండూ వేరువేరు టైముల్లో వస్తుంటే మెదడు ఏది దేనితో కలపాలో ఎలా తెలుసుకుంటుంది? ప్రతిదానికీ దూరం లెక్కేసుకుంటుందా?

ఎడిటింగ్‌టేబుల్:

ఇది నా ఏరియా, న్యూరాన్లు తెలియవు కానీ ఫ్రేములు తెలుసు. డబ్బింగ్ సినిమాలకి సౌండ్ సింక్ చేస్తాను. సినిమాకి సెకనుకి 24 ఫ్రేములు, ఒక్కో ఫ్రేము దాదాపు 42 మిల్లీసెకన్లు. మా పనిలో అందరికీ తెలిసిన రూలు ఒకటుంది: సౌండు ఒక ఫ్రేము ముందొస్తే ప్రేక్షకుడికి ఏదో తేడాగా ఉంటుంది, రెండు ఫ్రేములు వెనకపడ్డా పట్టించుకోడు. టీవీ ప్రసారాలకి అంతర్జాతీయ సంస్థ ఐటీయూ చెప్పిన లెక్క కూడా ఇదే మాట అంటుంది, సౌండు 45 మిల్లీసెకన్లు ముందుంటే జనం కనిపెడతారు, వెనకైతే 125 దాకా కనిపెట్టరు. ఎందుకో ఇప్పుడు రేవుబండ గారి కథ చదివితే అర్థమైంది, లోకంలో శబ్దం ఎప్పుడూ వెనకే వస్తుంది, ముందు రావడం అన్నది ప్రకృతిలో లేదు.

ఇంకో సంగతి. డబ్బింగ్‌లో మాకు ప్రాణం తీసేవి ప, ఫ, బ, భ, మ. పెదవులు అంటుకునే అక్షరాలు. మిగతావి ఎలా ఉన్నా సర్దుకుపోతుంది, తెర మీద పెదవులు మూసుకున్న చోట మన డైలాగులో "మ"నో "బ"నో లేకపోతే పదో వరసలో కూర్చున్నవాడికి కూడా దొరికిపోతాం. డైలాగ్ రైటర్ పాపం "వెళ్దాం" అని రాస్తే, లిప్ కోసం దాన్ని "పోదాం పద" చేసిన రోజులున్నాయి. తమిళం నుంచి తెలుగైతే కొంత నయం, వాక్యం చివర క్రియ రెండిట్లోనూ ఒకేచోట పడుతుంది. ఇంగ్లీషు నుంచైతే నరకం. పూర్వం పద్యాల్లో నిరోష్ఠ్యం అని పెదవులు తగలని అక్షరాలతోనే రాసేవారట కదా, అలాంటి కవి ఒకడు దొరికితే మా స్టూడియోలో రేపే ఉద్యోగం ఇప్పిస్తా.

మెదడుపురుగు:

నిరోష్ఠ్యం భలే గుర్తుచేశారు. మెగర్క్ ఆటలో కీలకం కూడా అదే. "బ"కి పెదవులు మూసుకోవాలి, తెర మీద మూసుకోలేదు, కాబట్టి "బ" అయ్యే చాన్సు లేదని కన్ను కచ్చితంగా చెప్తుంది. "గ" నాలుక వెనకెక్కడో పుడుతుంది, బయటికి కనపడేది తక్కువ, కాబట్టి అది "గ"నే అని కన్ను పట్టుబట్టలేదు. చెవి చెప్పేదానికి దగ్గరగా ఉంటూ పెదవులు మూయక్కర్లేని అక్షరం ఏముందా అంటే డ. ఇద్దరి సాక్ష్యానికీ పనికొచ్చే రాజీ.

రేవుబండ గారి ప్రశ్న అసలైనది. దూరానికి లెక్కేయడం అంతగా అవసరం పడదు, ఎందుకంటే మన లోపలి వైరింగ్‌లో ఒక విచిత్రం ఉంది. కాంతి బయట వేగం కానీ లోపల నిదానం. రెటీనాలో వెలుగు నరాల భాషలోకి మారేది రసాయన చర్యలతో, దానికి టైము పడుతుంది. చెవిలో వెంట్రుక కణాలు కదలగానే పని అయిపోతుంది. కోతుల్లో శబ్దం కార్టెక్స్ చేరడానికి పది, పదిహేను మిల్లీసెకన్లు చాలు, చూపుకి నలభై దాకా కావాలి. శబ్దం గాల్లో పది మీటర్లు రావడానికి పట్టేది 29 మిల్లీసెకన్లు. లెక్క చూడండి, సుమారు పది మీటర్ల దగ్గర జరిగేవి లోపలికి వచ్చేసరికి రెండూ సమానమైపోతాయి. మనిషి మనిషితో మాట్లాడే దూరాలు మామూలుగా దీని లోపలే. మీ ఏరు 170 మీటర్ల వెడల్పుంటే "ధబ్" అర సెకను లేటు, అది కలపడానికి కుదరదు, అందుకే అది మీకు ఇప్పటికీ గుర్తుంది.

పైగా మాటలో పెదవులు ముందు కదులుతాయి, గొంతు తర్వాత వస్తుంది, మధ్యలో 100 నుంచి 300 మిల్లీసెకన్లు ఉండొచ్చు. నోరు సెకనుకి రెండు నుంచి ఏడుసార్లు తెరుచుకుని మూసుకునే లయలో నడుస్తుంది. మెదడు ఆ లయ పట్టుకుని, రాబోయే అక్షరం కోసం చెవి కార్టెక్స్‌ని ముందే రెడీ చేసి పెట్టుకుంటుందని ఒక వాదన, నాకు అది చాలావరకు నిజమే అనిపిస్తుంది. విచిత్రం ఏంటంటే కోతులు స్నేహంగా పెదవులు టపటపలాడించే సైగ ఒకటుంది, దాని వేగం కూడా దాదాపు ఇదే లయ.

ఇంతవరకు "ఏమిటి" అన్నది చెప్పాను, చప్పుడు "ఎక్కడి నుంచి" అన్నది ఇంకా కష్టం, దీని మీద ఎవరూ అడగలేదు కానీ చెప్పకుండా ఉండలేను. కన్నుకి దిక్కు తెలియడం తేలిక, రెటీనా మీద బొమ్మ పడిన చోటే దిక్కు. చెవికి అలాంటి తెర లేదు. కుడివైపు చప్పుడు కుడిచెవికి ముందు, ఎడమచెవికి కాస్త ఆలస్యంగా చేరుతుంది, మన తల సైజుకి ఆ తేడా ఎంత పెద్దదైనా ఒక మిల్లీసెకనులో ముప్పాతిక కూడా ఉండదు. దాన్నిబట్టి దిక్కు లెక్కకట్టాలి. సమస్య ఏంటంటే చెవులు తలకి అంటుకుని ఉన్నాయి, కళ్ళు తలలో తిరుగుతుంటాయి. తల కదపకుండా కళ్ళు ఎడమకి తిప్పితే, చెవికి "ఎదురుగా" ఉన్నది కంటికి "కుడివైపు" అయిపోతుంది. రెండు మ్యాపులూ ఎలా కలుస్తాయి మరి?

నడిమెదడులో సుపీరియర్ కాలిక్యులస్ అని చిన్న బొడిపెలు రెండున్నాయి, చప్పుడైన వైపు చటుక్కున కళ్ళు తిప్పే పని వాటిది. చూపు శబ్దం ఒక్క న్యూరాన్‌లోనే ఎలా కలుస్తాయో పిల్లుల్లో ఇక్కడే మెరెడిత్, స్టయిన్ 1983లో చూపించారు, తర్వాత కోతుల్లోనూ చూశారు. రెండూ ఒకే చోట నుంచి, ఒకే సమయంలో వస్తే స్పందన ఎగసిపడుతుంది, పైగా విడివిడిగా ఎంత బలహీనంగా ఉంటే కలిసినప్పుడు లాభం అంత ఎక్కువ. బలంగా వినపడేదానికి కంటి సాయం పెద్దగా అక్కర్లేదు కదా. ఇక మ్యాపుల గొడవకి 1984లో జే, స్పార్క్స్ కోతుల్లో జవాబు చూపించారు: కోతి కళ్ళు తిప్పితే ఆ న్యూరాన్లు శబ్దాన్ని వినే దిక్కు కూడా కళ్ళతోపాటు జరుగుతోంది. ఇంకా ఆశ్చర్యం 2018లో వచ్చింది. డ్యూక్ యూనివర్సిటీలో జెన్నిఫర్ గ్రో బృందం చెవిలో చిన్న మైకు పెట్టి చూస్తే, నిశ్శబ్దంలో కూడా కళ్ళు కదిపినప్పుడల్లా కర్ణభేరి కదులుతోంది. మనుషుల్లోనూ, రీసస్ కోతుల్లోనూ. ఎడమకి చూస్తే ఒకలా, కుడికి చూస్తే ఇంకోలా. కలవడం ఎక్కడ మొదలవుతుంది అని అడిగారుగా, మెదడు దాకా కూడా పోనక్కర్లేదు, చెవి గుమ్మం దగ్గరే కన్ను నిలబడి ఉంది.

చెవిపోగు:

ఆడియాలజిస్టుని, అంటే వినికిడి పరీక్షలు చేసేదాన్ని నా పని. పెరుగన్నం గారి అమ్మమ్మ గారి మాట మా క్లినిక్‌లో వారానికి ఒక్కసారైనా వింటాను. కోవిడ్‌లో అందరూ మాస్కులు పెట్టుకున్నాక "ఉన్నట్టుండి చెవుడు వచ్చింది" అని వచ్చినవాళ్ళలో కొందరికి చెవి అంతకుముందు ఎలా ఉందో అలాగే ఉంది, పోయింది ఎదుటివాళ్ళ మూతి. వాళ్ళు అన్నేళ్ళుగా మూతి చూసి వింటున్నారని వాళ్ళకే తెలియదు.

1954లోనే సంబీ, పోలాక్ అనేవాళ్ళు దీన్ని కొలిచారు. చుట్టూ గోల ఎక్కువగా ఉన్నప్పుడు మాట్లాడేవాళ్ళ మొహం కనపడితే కలిగే లాభం, గొంతుని ఏకంగా 15 డెసిబెల్స్ దాకా పెంచినంత. గోల లేకపోతే లాభం తక్కువ, ఇందాక చెప్పిన బలహీనమైన సిగ్నల్ రూలే ఇదీ. 1997లో ఇంకోటి తేలింది, శబ్దమే లేకుండా పెదవులు కదలడం చూపించినా మనిషి శ్రవణ కార్టెక్స్ చురుగ్గా మారుతుంది. అందుకే ఇంట్లో పెద్దవాళ్ళతో మాట్లాడేవాళ్ళకి నేను చెప్పేది ఒక్కటే, వంటింట్లోంచి అరవకండి, ఎదురుగా వచ్చి మొహం మీద వెలుతురు పడేలా నిలబడి మామూలుగా మాట్లాడండి. కిటికీకి వీపు పెట్టి నిలబడితే మీ మొహం వాళ్ళకి నల్లగా కనపడుతుంది, అదీ ఉపయోగం లేదు. అయితే ఒక హెచ్చరిక, అద్దాలతో సర్దుకుపోతున్నారు కదా అని వదిలెయ్యకండి, ఆవిడకి ఒకసారి వినికిడి టెస్ట్ చేయించండి. మూతి మీద అంతగా ఆధారపడుతున్నారంటే చాలాసార్లు వినికిడి తగ్గుతోందని అర్థం.

ఒక ప్రశ్న మెదడుపురుగు గారికి, ఇది పుట్టుకతో వస్తుందా?

మెదడుపురుగు:

న్యూరాన్లు వస్తాయి, పని రాదు. అప్పుడే పుట్టిన కోతిపిల్లల సుపీరియర్ కాలిక్యులస్‌లో రెంటికీ స్పందించే న్యూరాన్లు ఉన్నాయి కానీ, రెండూ కలిపి ఇస్తే పెద్దకోతుల్లోలా ఎగసిపడవు. 2001లో చూశారు. పిల్లిపిల్లల్ని చీకట్లోనే పెంచితే పెద్దయ్యాక కూడా ఆ కలపడం రాలేదు. అంటే చూస్తూ వింటూ గడిపితేనే ఏది దేనితో జతో నేర్చుకుంటుంది. మనుషుల్లో దీన్ని పుట్టుకతో శుక్లాలు ఉండి తర్వాత తీయించుకున్నవాళ్ళలో చూస్తారు. జర్మనీలోని హాంబర్గ్ యూనివర్సిటీలో బ్రిగిటె రోడర్ బృందం 2007లో చెప్పింది, రెండేళ్ళలోపే శుక్లాలు తీసేసినా, పెద్దయ్యాక కూడా మాట వినడంలో వాళ్ళకి మొహం వల్ల కలిగే లాభం మిగతావాళ్ళకంటే తక్కువ. ఆ బృందం మన హైదరాబాద్‌లోని ఎల్.వి.ప్రసాద్ కంటి ఆసుపత్రితో కలిసి కూడా ఇలాంటి పరిశోధనలు చేస్తోంది, ఆలస్యంగా ఆపరేషన్ అయినవాళ్ళు మన దేశంలో ఎక్కువ కాబట్టి. బాధగా ఉంటుంది ఆ కారణం తలుచుకుంటే.

రేవుబండ:

సరే ఒప్పుకున్నాను. మరి గొడవొస్తే ఎప్పుడూ కన్నే గెలుస్తుందా?

మెదడుపురుగు:

లేదు. ఎవరి సాక్ష్యం నమ్మకంగా ఉంటే వాళ్ళది. తోలుబొమ్మలాటలో గొంతు తెర వెనక కూర్చున్నవాళ్ళది, మనకి మాట్లాడుతున్నది బొమ్మే అనిపిస్తుంది, ఎందుకంటే దిక్కు విషయంలో కన్ను మామూలుగా చాలా కచ్చితం. కానీ 2004లో అలైస్, బర్ అనే ఇద్దరు చూపించే చుక్కని బాగా అలికేసినట్టు మసకగా చేసి చూశారు, అప్పుడు పగ్గాలు చెవి చేతికి వచ్చేశాయి. టైము విషయంలో అయితే చెవే మొనగాడు. ఒక్కసారి వెలిగిన లైటుకి రెండు "బీప్"లు జత చేస్తే చాలామందికి లైటు రెండుసార్లు వెలిగినట్టు కనపడుతుంది, 2000లో లదన్ షామ్స్ వాళ్ళు చూపించారు. అక్కడ మోసపోయింది కన్ను.

పెరుగన్నం_27:

అందరికీ థాంక్స్. మసక అన్నారు కదా, అది చదివాక ఆగలేకపోయాను. తమ్ముడు "గ గ గ" అంటుండగా ఫోన్‌లో తీసి, దాని మీద నా గొంతుతో "బ బ బ" పెట్టి, టీవీలో వేసి అమ్మమ్మని కూర్చోబెట్టాను. ఎడిటింగ్‌టేబుల్ గారూ, సింక్ కుదర్చడానికి గంటన్నర పట్టింది, మీకు దండం. అద్దాలు లేకుండా అయిదుసార్లు వేస్తే నాలుగుసార్లు "బ" అంది, ఒకసారి "ఏమో" అంది. అద్దాలు పెట్టుకున్నాక మూడుసార్లు "ద", రెండుసార్లు "బ". మన తమ్ముడి గొంతు కాదు కదా అని మధ్యలో పట్టేసింది కూడా, అదొకటి. అయిదుసార్లతో ఏమీ తేలదని తెలుసులెండి.

అసలు సౌండ్‌లో ఉన్నది "బ"నే అమ్మమ్మా, అద్దాలు లేనప్పుడే నువ్వు కరెక్టుగా విన్నావ్ అని చెప్తే కళ్ళజోడు తీసి చీరచెంగుతో రెండువైపులా తుడిచి చూసింది. "అయితే పోయిన్నెల ఆ షాపువాడు పవర్ తప్పు రాశాడు, పద మార్పిద్దాం" అంది. చెవి టెస్ట్‌కి కూడా అదే రోజు తీసుకెళ్దామనుకుంటున్నా, ఆవిడకి మాత్రం అద్దాల షాపుకే అని చెప్పాను.

బ్లాక్‌కాఫీ:

అంటే నాకు బ వినపడుతోందంటే నేనూ కళ్ళ డాక్టర్ దగ్గరికి వెళ్ళాలా ఇప్పుడు?